మంద గుర్తు

తాడు ముడి విప్పానో లేదో నాకు ఇప్పటికీ గుర్తు లేదు. తడిసిన తాడు చేతికి తగలడం గుర్తుంది. ముడి బిగుసుకుపోయి, కుడిచేతి చూపుడువేలి గోరు విరగడం గుర్తుంది. వెనక నుంచి మా ఆయన దేవరాజ్ "నీళ్లు గడప దాటినయి, జల్ది రా!" అని అరవడం గుర్తుంది. ఆ తర్వాత బడి మెట్లు గుర్తున్నాయి. ఆ రెండింటికీ మధ్యన ఏం జరిగిందో ఎంత తవ్వి తీసినా దొరకదు.

మా ఊరు ఎల్లారెడ్డికి కూతవేటు దూరం. ఇంటి వెనకే వాగు. ఎండాకాలంలో ఆ వాగు దాటితే మేక కాలి గిట్ట కూడా తడవదు. పోయిన వానకాలం మాత్రం ఒక పూటలో ఒళ్లు విరుచుకుని మా పెరట్లోకి వచ్చేసింది. అత్తమ్మను, మామను ముందే బడి దగ్గరికి పంపేశాం. నేను పాస్ బుక్కులు, నా ఆఫీసు కాగితాలు, రెండు చీరలు ఒక సంచిలో కుక్కుకుని వెనక వాకిట్లోకి పరిగెత్తాను. మా కుక్క జున్నుగాడు గుంజకు కట్టి ఉన్నాడు. కట్టింది నేనే. పక్కింటివాళ్ల కోళ్లను తరుముతున్నాడని పొద్దున్నే కట్టేశాను.

బడి వరండాలో అత్తమ్మ నా చేతుల వంక చూసి మొదట అడిగిన మాట, "జున్నుగాన్ని ఇప్పినవా?"

"ఇప్పిన అత్తమ్మా."

అబద్ధం చెబుతున్నానని అనుకోలేదు. నిజం చెబుతున్నానని కూడా అనుకోలేదు. నోటికి వచ్చింది, అనేశాను.

మూడో రోజు నీళ్లు తీశాక ఇంటికి వెళితే గుంజ లేదు, తాడు లేదు, కుక్కా లేదు. గుంజ ఉన్న చోట మోకాలి లోతు గుంత ఉంది. అత్తమ్మ ఆ గుంత అంచున కూర్చుని చాలాసేపు చూసింది. "ఇప్పితే ఇంటికి రాకపోవునా," అంది చివరికి. నా వైపు తిరిగి అనలేదు, గుంతతో అంది. ఆ రోజు నుంచి నాతో మాటలు బంద్.

మాటలు బంద్ అంటే పూర్తిగా బంద్ కాదు. మా అత్తమ్మ బాలలక్ష్మికి గోడలతో మాట్లాడే విద్య ఉంది. నేను పక్కనే గిన్నెలు తోముతుంటే, "గీ బకెట్ ఎవలన్న జరుపుతే మంచిగుండు" అని తలుపుకు చెప్పేది. నేను జరిపేదాన్ని. కూరలో ఉప్పు తక్కువైతే పొయ్యికి చెప్పేది. ఎల్లారెడ్డిలో ఆఫీసు నుంచి నేను రావడం ఆలస్యమైతే మా మామ బీరయ్యతో, "మీ కోడలు వచ్చిందేమో అడుగు" అనేది, నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నా సరే. తిడితే బాగుండేది. తిట్టు ఎప్పటికైనా అయిపోతుంది కదా.

ఆమె బాధ నాకు తెలియనిది కాదు. జున్నును తెచ్చింది దేవరాజ్. కామారెడ్డిలో ఆయన డ్రైవరుగా ఉన్న ఇంటి సారు బదిలీ మీద పోతూ, చేతిలో పట్టేంత కుక్కపిల్లను ఇచ్చి వెళ్లాడు. తెల్లగా, బూరుగు దూదిలా ఉండేవాడు. మొదటి రోజు అత్తమ్మ మూతి మూడు వంకర్లు తిప్పింది. "కుక్కకు గింత బొచ్చెందుకు? గొర్రెకన్న ఉంటె గొంగడయితది" అంది. నెల తిరక్కుండా తన కంచం పక్కనే వాడి గిన్నె పెట్టుకుంది. ఒకసారి గంజి వారుస్తుంటే వాడు కాళ్లకు అడ్డం వచ్చాడు. వేడి గంజి వాడి కుడి తొడ మీద పడింది. ఆమె రెండు పూటలు అన్నం ముట్టలేదు. వెన్నలో పసుపు కలిపి నెలపాటు రాసింది. గాయం మానింది గానీ అక్కడ అరచేతంత మచ్చ మిగిలింది. చుట్టూ ఉన్న బొచ్చు పెరిగి దాన్ని కప్పేసింది. పక్కకు తీసి చూస్తే తప్ప కనపడేది కాదు. ఆ మచ్చను మా ఇంట్లో నలుగురం ఎరుగుదుం.

వాగు తగ్గిన ఇరవై రెండో రోజున యాకూబు వచ్చాడు. సంతలకు గొర్రెలను తోలే ట్రాలీ ఆటో అతనిది. మామకు పాత దోస్తు. వాకిట్లోనే బండి ఆపి కేకేశాడు.

"ఓ అవ్వా! మీ జున్నుగాడు దొరికిండు! బిచ్కుంద సంతల తిరుగుతుండు!"

వెనక బండిలో ఒక మట్టి ముద్ద కూర్చుని ఉంది. దానికి రెండు కళ్లున్నాయి కాబట్టి కుక్క అని తెలిసింది. బొచ్చంతా బురద పట్టి, ఎండి, పల్లేరు కాయలు గుచ్చుకుని, గొంగడి నేసినట్టు గట్టిగా అట్టకట్టింది. యాకూబు చిటికె వేసి "ఇకడే యే" అన్నాడు, ఆ దిక్కు మరాఠీలో. అది వెంటనే దూకి అతని కాళ్ల దగ్గరికి వచ్చింది.

అత్తమ్మ పరుగున వచ్చి దాన్ని రెండు చేతులా ఎత్తుకుంది. "జున్నూ! నా కొడకా! గింత చిక్కిపోయినవేందిరా!" అది ఆమె గడ్డం నాకింది. ఆమె చీరంతా మట్టి అయింది. ఏడుస్తూనే నా వైపు తిరిగింది.

"వందనా, సల్ల అన్నం కలుపుకరా బిడ్డా."

ఇరవై రెండు రోజుల తర్వాత విన్న నా పేరు. కాళ్లు తేలిపోతున్నట్టుగా వంటింట్లోకి వెళ్లాను. అన్నం తెచ్చి కింద పెడుతుంటే ఆమె నా తల మీద చేయి వేసింది. "నువ్వు ఇప్పినవు గాబట్టే బతికిండు. నేనే నిన్ను నమ్మకపోతిని."

"పర్వాలేదత్తమ్మా," అన్నాను. ముడి విప్పానన్న మాట! గోరు ఊరికే విరగలేదన్న మాట!

అంతలో కుక్క చల్ల అన్నం మొత్తం నాకేసింది. జున్నుగాడు చల్ల ముట్టేవాడు కాదు. ఎన్నిసార్లు పెట్టినా ముక్కు తిప్పుకుని వెళ్లిపోయేవాడు. ఆ సంగతి నాకప్పుడే తట్టింది. అత్తమ్మకు తట్టిందో లేదో ఆమె ముఖంలో తెలియలేదు. ఆకలి మీద ఉన్నాడు పాపం, ఏది పెట్టినా తింటాడు అని నాకు నేనే చెప్పుకున్నాను.

అక్కడి నుంచి నా బుర్ర తిరగడం మొదలైంది. సాయంత్రం దేవరాజ్ బండి హారన్ వినబడింది. జున్నుగాడైతే సందు చివరి దాకా ఉరికేవాడు. ఇది చెవి కూడా ఎత్తలేదు. సరే, కాదు అనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం వెళ్లి నీళ్ల గోలెం వెనక సరిగ్గా జున్ను పడుకునే చోటే పడుకుంది. సరే, అవును అనుకున్నాను. అయితే గోలెం వెనక చల్లగా ఉంటుంది, ఏ ఇంట్లో ఏ కుక్కైనా అక్కడే పడుకుంటుంది. "జున్నూ" అంటే వచ్చేది. పరీక్షించి చూద్దామని "రాజూ" అన్నాను, దానికీ వచ్చింది. అయినా మూడు వారాలు ఎవరెవరి దగ్గరో అడుక్కుతిన్న కుక్క ఏ పేరుకైనా రాదా మరి! ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని దరఖాస్తుల్లో ఒకరి పేరు బదులు ఇంకొకరి పేరు కొట్టేస్తున్నాను.

దేవరాజ్‌ను అడిగాను. "ఏమయ్యా, ఇది మన జున్నేనా?"

"తెల్లగున్నది. మగది. ఇంకేం గావాలె నీకు?"

"మనదా కాదా అని."

"మనింట్ల ఉన్నది గదా!" అని బండి తుడుచుకోవడంలో పడ్డాడు. ఆయనకు ఇంట్లో ఆడవాళ్లిద్దరూ మాట్లాడుకుంటే చాలు, కుక్క బదులు మేక వచ్చినా జున్ను అనే పిలుస్తాడు.

ఒక రోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు దాని కుడి తొడ మీద బొచ్చు విడదీసి చూడబోయాను. వేలు దూరలేదు. అట్ట చర్మానికి అంటుకుపోయి ఉంది. కాస్త గట్టిగా లాగితే అది కుయ్యిమంది. చేయి వెనక్కి తీసుకున్నాను. నిజం చెప్పాలంటే, వేలు దూరనందుకు నాకు ప్రాణం లేచి వచ్చింది. మచ్చ లేదని తేలితే? వాగు నీళ్లలో గుంజకు కట్టేసి ఉన్న జున్నుగాడు కళ్ల ముందుకు వచ్చి, ఆ రోజు అన్నం సహించలేదు.

బతుకమ్మ మొదలయ్యే నాటికి కుక్క ఒంటి నుంచి వాసన రావడం మొదలైంది. ఎప్పుడూ ఈగలే. కూర్చుంటే లేవదు, లేస్తే గోడకు ఒళ్లు రాస్తుంది. ఎల్లారెడ్డి పశువుల దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ శ్రీలత ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని నొక్కి చూసింది.

"అట్ట కింద తోలు కుళ్లుతున్నది. ఇంకో వారం ఆగితే పురుగులు పడతాయి, కుక్క బతకదు. బొచ్చు మొత్తం తీసేయండి."

"మీరే తీయరా మేడం?"

"ఆ సామాను మా దగ్గర లేదమ్మా. కామారెడ్డిలో కుక్కలకు క్షవరం చేసే షాపు ఉందట."

కామారెడ్డి షాపుకు ఫోను చేసి, వాళ్లు అడిగితే ఫోటో పంపాను. ఇంత అట్టకట్టిన దాన్ని మేం ముట్టం, ఇంట్లోనే కత్తిరించుకోండి అన్నారు. మా ఇంటావంటా కుక్కకు క్షవరం చేసిన వాళ్లు లేరు.

ఇంటికి వచ్చి అత్తమ్మకు చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె బియ్యం చాట మీది నుంచి తల ఎత్తలేదు.

"ఇప్పుడొద్దు. బొచ్చు దీస్తె సలికి ఒణుకుతడు. దసరా అయినంక సూద్దాం."

"వారంల పురుగులు పడ్తయన్నది అత్తమ్మా."

"డాక్టర్లు గట్లనే అంటరు."

చలికాలం రావడానికి ఇంకా నెల పైనే ఉంది. ఉక్కపోతకు మేమే విసనకర్రలు విసురుకుంటున్నాం. అప్పుడు అర్థమైంది, అనుమానం నా ఒక్కదానికే లేదు. ఆ తొడ మీద ఏముందో చూడటానికి ఆమెకూ భయమే. చల్ల అన్నం నాకేసిన రోజే ఆమెకూ తట్టి ఉంటుంది. తట్టి కూడా నన్ను బిడ్డా అని పిలుస్తోందా? లేక అలా పిలిచేందుకే తట్టనట్టు ఉందా? ఏదీ తెగలేదు. ఆమె మీద జాలి, నా మీద నాకు సిగ్గు, రెండూ కలగలిసి వంటింట్లో గంజి వారుస్తూ ఏడ్చాను.

ఆదివారం పొద్దున్న కుక్క అన్నం ముట్టలేదు. గోలెం వెనక పడి మూలుగుతోంది. ఇంక ఎవరి మాటకూ ఆగలేదు. దేవరాజ్ తన గడ్డం మిషను తెచ్చాడు. యూట్యూబులో ఎవరో విదేశీ ఆవిడ పూలకుండీల మధ్య కుక్కకు క్షవరం చేస్తున్న వీడియో పెట్టి ఫోను గోడకు ఆనించాడు. ఆవిడ కుక్క నవ్వుతూ నిలబడింది. మా కుక్క మిషను చప్పుడుకు నా మోచేతిని కొరికింది. మిషను రెండు అంగుళాలు పోయి అట్టలో ఇరుక్కుని, గుర్రుమని, పొగ వాసన వేసి ఆగిపోయింది.

"అయిపోయింది," అన్నాడు దేవరాజ్. కుక్క గురించో మిషను గురించో తెలియలేదు.

మామ అప్పటి దాకా అరుగు మీద బీడీ కాలుస్తూ మా తమాషా చూస్తున్నాడు. మాది కురుమ ఇల్లు. మామ నలభై ఏళ్లు గొర్రెలు కాశాడు. మోకాలు చెడిపోయాక మూడేళ్ల కింద మంద అమ్మేశాడు. అప్పటి నుంచి ఆయన నోటి నుంచి పూటకు నాలుగు మాటలు వస్తే గొప్ప. ఇప్పుడు లేచి, కుంటుకుంటూ లోపలికి వెళ్లి, అటక మీది నుంచి పాత గొంగడి చుట్ట దించాడు. అందులో గొర్రెల కత్తెర ఉంది. నా మోచేయంత పొడవు. రాతి మీద నూరాడు. బొటనవేలితో అంచు చూశాడు.

"బాపూ, అది గొర్రె గాదు," అన్నాడు దేవరాజ్.

"ఒంటి నిండ బొచ్చున్నది. నాకు దెల్సింది గదే," అన్నాడు మామ.

గొంగడి పరిచాడు. గొర్రెకు కట్టినట్టే కుక్క నాలుగు కాళ్లు దగ్గరకు చేర్చి మెత్తటి తాడుతో కట్టాడు. తాడు చూడగానే అది పిచ్చెత్తినట్టు గింజుకుంది. వాగులో కట్టేసిన తాడు గుర్తొచ్చిందా? అయితే ఇది జున్నే! కానీ కాళ్లు కట్టేస్తే గింజుకోని కుక్క ఏది? మామ దాని మెడ మీద చేయి వేసి, నాలుక కొసతో "ట్రు... ట్రు..." అన్నాడు. గొర్రెలతో అనే చప్పుడే. కుక్క గింజుకోవడం మానింది.

కత్తెర పొట్ట దగ్గర మొదలైంది. ఆయన చేయి కదిలే తీరు నేనెన్నడూ చూడలేదు, నేను కోడలిగా వచ్చేసరికే మంద చివరికొచ్చింది. తోలుకు తగలకుండా, అట్టకూ తోలుకూ మధ్య సందు వెతుక్కుంటూ పోతోంది. బొచ్చు ఒకే ముక్కగా ఊడి వస్తోంది. కింద గులాబీ రంగు తోలు, దాని మీద పిడుదులు. డొక్కలో ఒక చోట పుండు చీము పట్టి ఉంది. నేను వేపనీళ్లతో తుడుస్తున్నాను. అత్తమ్మ పసుపు, వెన్న కలిపి గిన్నె పక్కన పెట్టింది గానీ దగ్గరికి రాలేదు. గుమ్మంలో మాకు వీపు పెట్టి కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆ చాటలో రాళ్లు ఎప్పుడో అయిపోయాయి.

ఎడమ వైపంతా అయింది. మామ గొర్రెలు కత్తిరించినప్పుడు ఎడమ భుజం మీద అరచేతంత ఉన్ని వదిలేసేవాడని దేవరాజ్ చెబుతుంటాడు. వేరే మందలవాళ్లు రంగు పూస్తారు, అది వానకు పోతుంది. బీరయ్య మంద గుర్తు మాత్రం పోయేది కాదట. ఇప్పుడు ఎడమ భుజం మీద ఏమీ వదల్లేదు, సాఫుగా తీసేశాడు.

కుక్కను అటు పక్కకు తిప్పాడు. వీపు, నడుము, కుడి తొడ.

కత్తెర ఆగింది.

మామ ఎడమచేతి బొటనవేలిని అట్ట కిందికి దూర్చాడు. లోపల మెల్లగా తడిమాడు. గుమ్మంలో బియ్యం చప్పుడు కూడా ఆగింది. ఆయన ముఖంలోకి చూశాను. ఏ గీతా కదల్లేదు. వేలు బయటికి తీసి పంచెకు తుడుచుకున్నాడు. గిన్నెలోంచి కాస్త వెన్న తీసి ఆ చోట రాశాడు. చాలా ఓపికగా, ఒక్కో పల్లేరు కాయ ఏరి, చిక్కు విడదీసి, కత్తెర కొసతో పైపైన సమం చేశాడు. దాని చుట్టూ ఉన్నదంతా తీసేశాడు. కుడి తొడ మీద అరచేతంత తెల్ల బొచ్చు మిగిలింది.

"గది గూడ తియ్యి బాపూ, మంచిగ లేదు," అన్నాడు దేవరాజ్.

"మంద గుర్తు."

నేను ఉండబట్టలేకపోయాను. "మంద గుర్తు ఎడమ దిక్కు గదా మామా?"

ఆయన కత్తెరకు అంటిన బొచ్చు దులుపుకున్నాడు. "గొర్రెకు ఎడమ దిక్కు," అన్నాడు. "కుక్కకు కుడి దిక్కు."

అత్తమ్మ చాట పక్కన పెట్టి లేచింది. గొంగడి దగ్గరికి వచ్చి నిలబడి ఆ బొచ్చు కుచ్చును చూసింది. ఇప్పుడది చిక్కు లేకుండా మెత్తగా ఉంది. వంగి వేలితో పక్కకు తీస్తే చాలు, నెల రోజుల నుంచి మా ఇద్దరినీ తింటున్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. నేను ఆమె చేయి వంకే చూస్తున్నాను. ఆ చేయి కిందికి వచ్చింది. కుచ్చు మీద ఒకసారి, నిమురుతున్నట్టు, పైనుంచి కిందికి పోయింది.

"అవు," అంది అత్తమ్మ. "కుక్కకు కుడి దిక్కే."

ఆమె ఏమనుకుందో నాకు తెలియదు. మామ వేలికి ఏం తగిలిందో కూడా తెలియదు, ఆయన ఎన్నటికీ చెప్పడు. అడిగే ధైర్యం నాకు రాలేదు. ఎందుకో ఏడుపు మాత్రం వచ్చింది.

"ఇగ కాళ్లిప్పాలె," అన్నాడు మామ, మోకాలు పట్టుకుని లేస్తూ. దేవరాజ్ ముందుకు వంగాడు. మామ అతన్ని చేత్తో ఆపాడు. "నువ్వు ఇప్పు బిడ్డా."

కూర్చున్నాను. వేపనీళ్లకు తాడు తడిసింది. ముడి బిగుసుకుపోయి ఉంది. కొత్తగా పెరిగిన గోరు నొప్పి పుడుతోంది. కుక్క నా వైపే చూస్తోంది. ఈసారి నేను కళ్లు ఆర్పలేదు. ఒక పేట వదులైంది. రెండో పేట కింది నుంచి లాగాను. తాడు జారి గొంగడి మీద పడింది. నాలుగు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి విడిపోవడం చూశాను.

కుక్క లేచి ఒళ్లు దులుపుకుంది. దులపడానికి ఒంటి మీద ఏమీ లేక, తూలి పడబోయి నిలబడింది. ఈకలు పీకిన కోడికి తొడ మీద పువ్వు పెట్టినట్టుంది. దేవరాజ్ నవ్వాడు.

"ఇప్పిన, అత్తమ్మా," అన్నాను.

"సూసిన, బిడ్డా," అంది ఆమె, పసుపు గిన్నె అందుకుంటూ. "గట్టిగ పట్టుకో, పుండుకు రాస్త."